దశపురమునఁ బట్టవాయశ్రేణి: వలసవచ్చినవారు వేరూనిన విధము

హిందూదేశమున వెలువడిన ప్రాచీనశాసనములలో నధికభాగము రాజుల వంశావళులను, దిగ్విజయములను, భూదానములను దెలుపునవి. చేతిపనిచే జీవించువారు స్వదేశము విడిచి పరదేశమున కేగి, అచ్చట నెవరి యాదరమువలన నిలిచిరో, ఏ విద్యలు నేర్చిరో, ఏ కట్టుబాటుతోఁ దమ సంఘమును నిలుపుకొనిరో చెప్పు శాసనములు మిక్కిలి యరుదు. అట్టివానిలో నగ్రగణ్యమైనది మాళవదేశమందలి దశపురమున దొరకిన పట్టవాయశ్రేణి శాసనము. పట్టవాయులనఁగా బట్టు నేయువారు. శ్రేణి యనఁగా నొక వృత్తివారు సమయబద్ధులై యేర్పఱచుకొన్న సంఘము.

దశపురము నేఁటి మధ్యప్రదేశ రాష్ట్రమందలి మందసోరు పట్టణము. శివనా నదీతీరమున నున్నది. కాళిదాసుని మేఘసందేశమున మేఘము పోవు త్రోవలో నీ పట్టణము పేర్కొనఁబడినది. శాసనశిల యచ్చటి మహాదేవఘట్టమున నదిలోనికి దిగు మెట్లప్రక్క గోడలోఁ గట్టఁబడి యుండెను. ఫ్లీటు దొర దీనిని బరిష్కరించి 1888వ సంవత్సరమున గుప్తరాజుల శాసనసంపుటమునఁ జేర్చెను. 1890వ సంవత్సరమున బ్యూలరు పండితుఁడు, ఈ శాసనకవియగు వత్సభట్టి పద్యముల నాధారముగాఁ గొని, సంస్కృతమున గావ్యరచన క్రీస్తుశకపు తొలిశతాబ్దులలోఁ దెగిపోయెనను వాదమును ఖండించెను. నాఁటినుండి యీ శిల ముఖ్యముగాఁ గాళిదాసుని కాలనిర్ణయమునకు సాధనముగాఁ జూడఁబడుచు వచ్చినది. కవి యెవరిని నుతించెనో, ఆ నేతవారి కథ చాలకాలము వెనుకఁబడెను.

శాసనమున 44 శ్లోకములు గలవు. వసంతతిలకము, ఆర్య, మందాక్రాంత, మాలిని, హరిణి, ద్రుతవిలంబితము మొదలగు పెక్కు వృత్తములలో వత్సభట్టి తన నేర్పు చూపెను. దీనిని బ్రయత్నముతో రచించితినని యాతఁడే చెప్పుకొనెను. ఇందు రెండు కాలములు పేర్కొనఁబడినవి. మాళవగణసంవత్సరములు 493 గడచిన పిమ్మట పుష్యశుద్ధ త్రయోదశినాఁడు నేతవారు కట్టించిన సూర్యాలయము ప్రతిష్ఠింపఁబడెను. 529 సంవత్సరములు గడచిన పిమ్మట ఫాల్గుణశుద్ధ విదియనాఁ డా యాలయమునే వారు జీర్ణోద్ధారము చేయించిరి. మాళవసంవత్సరమే పిదప విక్రమసంవత్సరమని వ్యవహరింపఁబడెను గనుక, మొదటిది క్రీ.శ. 437 ప్రాంతమునకును, రెండవది 473 ప్రాంతమునకును సరిపోవును. నడుమ 36 సంవత్సరములు గడచినవి.

నేతవారి జన్మభూమి లాటదేశము. అది నేఁటి గుజరాతులోని దక్షిణభాగము. భరుకచ్ఛము, అనఁగా నేఁటి భరూచి, అందలి ప్రసిద్ధమైన రేవుపట్టణము. వారి శిల్పము లోకప్రసిద్ధమైనదని కవి మొదటనే చెప్పెను. కాఁబట్టి వారు పనిలేక తిరుగుచు వచ్చినవారు కారు. పని నేర్చి, పేరు గడించి వచ్చినవారు. లాటదేశ మేల విడిచిరో శాసనము చెప్పదు. దశపురమును బాలించు రాజుల గుణములు తమ్ము నాకర్షింపఁగా వచ్చిరని మాత్రము చెప్పును. త్రోవలో నెడతెగక కలిగిన కష్టములను లెక్కసేయక, ముందు మనస్సుతోను, పిమ్మట బిడ్డలతోను బంధువులతోను వారు దశపురము చేరిరట. ఇది కవిసమయము వలెఁ దోఁచినను, వలస పోవువాని స్థితిని సూక్ష్మముగాఁ జెప్పిన మాట. ఇల్లు కదలుటకుఁ జాలముందే మనస్సు కదలును. ఆ ముందు కదలిన మనస్సునకు దూరదేశపు వార్త యాధారము. దశపురమున శిల్పికి మన్నన కలదను వార్త లాటదేశమున వ్యాపించియుండవలెను.

ఈ వార్త పోవుటకుఁ దగిన త్రోవ పూర్వమే కలదు. క్షహరాత నహపానుని యల్లుఁడైన ఉషవదాతుఁడు భరుకచ్ఛము, దశపురము, గోవర్ధనము, శూర్పారకము అను నాలుగుచోట్ల బాటసారులకుఁ జతుశ్శాలలను, వసతిగృహములను గట్టించెనని నాసికగుహాశాసనము చెప్పుచున్నది. అది పట్టవాయుల వలసకుఁ జాల పూర్వపు మాట. లాటదేశపు రేవును దశపురమును నొకే దాత, ఒకే శాసనమున, బాటసారుల వసతికై పేర్కొనుటచే నా రెంటి నడుమ రాకపోకలు విరివిగా నుండెనని యూహింపవచ్చును. వలసవచ్చువానికి మొదటి సహాయము తలదాఁచుకొనుటకుఁ జోటు; అట్టి చోటు దశపురమున నదివఱకే యొక ధర్మకార్యముగా నెలకొనెను.

వచ్చినవారిని దశపురరాజులు సుతవత్తుగా మన్నించిరనియు, అందుచే వారు సంతోషముతో నా పురమున నివసించిరనియు శాసనము చెప్పును. సుతవత్ అను నీ పదము వ్యాకరణదృష్టితో విచారింపఁదగినది. తృతీయాంతమునుండి తుల్యార్థమున వతిప్రత్యయము వచ్చుటకుఁ బాణిని యొక నియమము పెట్టెను. ఆ తుల్యత్వము క్రియాగతమై యుండవలెను. గుణముచేతఁ గాని రూపముచేతఁ గాని సమానమైనచో నీ వతి రాదు. పుత్రునితో సమానముగా స్థూలుఁడు అనుటకు వతి చెల్లదు. పుత్రునివలె జూచుట, పోషించుట అనుటకు జెల్లును. కాఁబట్టి రాజులు నేతవారిని బుత్రులని పిలిచిరని గాని, పుత్రులంతటివారని పొగడిరని గాని దీని యర్థము కాదు. పుత్రునియెడఁ జేయు పనినే వారియెడఁ జేసిరని యర్థము.

పుత్రునియెడఁ దండ్రి చేయు పని యేది? అన్నము పెట్టుట యొక్కటియే కాదు. విద్య చెప్పించి, వృత్తియందు నిలిపి, తుదకుఁ దన కాళ్లపై నిలుచువానినిగాఁ జేయుట. ఈ రాజులు నేతవారికి భూము లిచ్చిరో, పన్నులు తగ్గించిరో శాసనమున లేదు, లేనిదానిని గల్పింపరాదు. కాని యట్టి సందర్భమున రాజు చేయఁదగినది శాస్త్రమున స్పష్టముగా నున్నది. 1909వ సంవత్సరమున మైసూరునఁ శ్యామశాస్త్రి ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున జనపదనివేశమను ప్రకరణము గలదు. పరదేశమునుండి జనులను రప్పించి గాని, స్వదేశమున నధికముగా నున్న జనులను గదలించి గాని క్రొత్త జనపదమును నెలకొల్పవలెనని యందు విధింపఁబడెను. క్రొత్తగా వచ్చినవారికి ధాన్యము, పశువులు, ధనము ఇచ్చి, వారు సుఖముగాఁ దిరిగి చెల్లించునట్లు చేయవలెనట. పన్నుల తగ్గింపు కోశమునకు వృద్ధి కలిగించునదిగా నుండవలెను గాని కోశమును దినివేయునదిగా నుండరాదని కూడ నా శాస్త్రకారుఁడు హెచ్చరించెను. ఈ విధులలో దయ కలదు. దయతోఁ గూడిన లెక్కయుఁ గలదు. వచ్చినవాఁడు బిచ్చగాఁడుగా నిలిచిపోక, పుచ్చుకొన్నది తీర్చి రాజ్యమునకుఁ దోడ్పడువాఁడు కావలెనని దాని తాత్పర్యము. దుర్గనివేశప్రకరణమున నూలు, ఉన్ని, వెదురు, తోలు పనివారికిఁ బట్టణమున బడమటి దిక్కునఁ జోటు నిర్ణయింపఁబడెను. పనివానికిఁ బట్టణమున జోటు కల్పించుట రాజధర్మములో నొక భాగముగాఁ జూడఁబడెనని దీనిచేఁ దెలియును.

ఇట్లు వసతి దొరకిన పిమ్మట నేతవా రేమి చేసిరో చెప్పు శ్లోకములు శాసనమునకుఁ బ్రాణము. కొందఱు ధనుర్వేదమున గట్టి నేర్పు సంపాదించిరి. కొందఱు విచిత్రములైన కథలు తెలిసినవారైరి. కొందఱు వినయముతో ధర్మప్రసంగములందు నిమగ్నులై, ప్రియమును హితమునైన మాటలు పలుక నేర్చిరి. కొందఱు స్వకర్మమందే యధికులైరి. కొందఱు జ్యోతిషము నెఱిఁగిరి. మఱికొందఱు యుద్ధమున వెఱపులేనివారై శత్రువుల కపకారము చేయుచుండిరి. కొందఱు మంచి గృహస్థులై, సత్యవ్రతులై, స్నేహితులకు సహాయపడువారైరి. ఒక తరము గాని రెండు తరములు గాని గడచునప్పటికి నొక నేతవారి సంఘమున విలుకాండ్రు, పౌరాణికులు, జ్యోతిష్కులు, యోధులు పుట్టిరనుట సామాన్యవిషయము కాదు.

ఈ శ్లోకములకుఁ గొందఱు చరిత్రకారులు వేఱొక యర్థము చెప్పిరి. పట్టువస్త్రముల వ్యాపారము క్షీణించుటచే నేతవారు మగ్గములు విడిచి యితరవృత్తులఁ బట్టవలసి వచ్చెననియు, శ్రేణి చెదరిపోయెననియు, కవి యా దుఃస్థితిని స్తుతిచేఁ గప్పిపుచ్చెననియు వారి మతము. ఇది ఆలోచింపఁదగినదే. వలసవచ్చినవాని వృత్తి మాఱినదనఁగా నది యభివృద్ధియో, దిక్కులేమియో విమర్శింపక నిర్ణయింపరాదు. కాని శాసనపదములను జాగ్రత్తగాఁ జూచినచో నా మతము నిలుచునట్లు తోఁపదు.

మొదటి హేతువు: వృత్తుల లెక్కలో స్వకర్మము కూడ నున్నది. అందు మిగిలినవారిని గవి మిగిలినవారని చెప్పక, అధికులని చెప్పెను. మగ్గమును విడువనివారు విడువలేక నిలిచినవారు కారు. అందు నేర్పు మీఱినవారు.

రెండవ హేతువు: వృత్తులు చెప్పిన వెంటనే కవి పట్టువస్త్రమును వర్ణించెను. యౌవనమును సౌందర్యమును గల స్త్రీ బంగారుహారము వేసికొని, తాంబూలము సేవించి, పూలు ముడిచికొన్నను, పట్టుబట్టల జత కట్టికొననిదే ప్రియుని గలసికొనఁ బోదఁట. స్పర్శకు మృదువై, వన్నెల విభాగములచే విచిత్రమై, కన్నుల కింపైన యా వస్త్రముచేఁ దామీ భూతలము నలంకరించితిమని నేతవా రభిమానముతోఁ జెప్పించుకొనిరి. పాడుబడిన వ్యాపారమునుగూర్చి యెవ్వరును దేవాలయపు గోడపై నిట్లు చెక్కింపరు. సరకు నమ్మువాఁడు సరకును బొగడునట్లున్న దీ వర్ణన.

మూఁడవ హేతువు: ఆలయము శిల్పముచే సంపాదించిన ధనరాశులతోఁ గట్టఁబడెనని స్పష్టముగా నున్నది. యుద్ధమున దొరకిన సొమ్ము గాని, రాజదత్తమైన ధనము గాని కాదు, చేతిపని సొమ్ము.

ఇఁక యుద్ధవిషయమున మాత్ర మొక విశేషము గలదు. ఇతరవృత్తులకు లేని ‘అద్యాపి’ అను పదము, అనఁగా ‘నేఁటికిని’ అను మాట, యోధులను జెప్పునపుడే కవి వాడెను. శాసనము రచింపఁబడినది 473 ప్రాంతమున. ఆలయప్రతిష్ఠకును జీర్ణోద్ధారమునకును నడుమ స్కందగుప్తుఁడు హూణులతోఁ బోరాడవలసి వచ్చెనని భిటారి స్తంభశాసనము చెప్పుచున్నది. కల్లోలకాలమునఁ బట్టణమును రక్షించుకొను పని పట్టణమున నున్న వారందఱిదియు నగును. నేతవారి పుత్రు లందుఁ బాల్గొనిరనఁగా, వా రా పట్టణమును దమదిగాఁ దలఁచిరని యర్థము. ఆయుధవిద్య వారికిఁ గ్రొత్తది కాకపోవచ్చును గూడ. సురాష్ట్రము మొదలగు దేశముల శ్రేణులు వార్తచేతను శస్త్రముచేతను జీవించునవి యని కౌటిల్యుఁడు సంఘవృత్తాధికరణమున జెప్పెను. లాటము సురాష్ట్రమునకుఁ బొరుగుదేశము.

జ్యోతిషము, ధనుర్వేదము, కథాప్రసంగము గురువు లేనిదే వచ్చునవి కావు. నేతవారి పిల్లలకు వీనిని నేర్పినవా రెవరో శాసనము చెప్పదు. అయినను నేర్పినవారు గలరనుట నిశ్చయము. దశపురమున విద్యాద్వారము వారికి మూయఁబడలేదు. చేతిపనిని నేర్పుటకు ధర్మశాస్త్రమున నొక క్రమము గలదు. అది నారదస్మృతిలో విపులముగా నున్నది. శిల్పము నేర్వఁగోరువాఁడు బంధువుల యనుమతితో, కాలము నిర్ణయించుకొని యాచార్యునింట నుండవలెను. ఆచార్యుఁడు వానికిఁ దన యింట నన్నము పెట్టి విద్య నేర్పవలెను, వేఱు పని చేయింపరాదు, పుత్రునివలెఁ జూడవలెను. విద్య ముందుగా వచ్చినను శిష్యుఁడు నిర్ణీతకాలము గురుగృహమున నుండి పని చేయవలెను. ఆ పనిఫలము గురువునకుఁ జెందును. యాజ్ఞవల్క్యుఁడును దీనినే సంగ్రహముగాఁ జెప్పెను. గురువు శిష్యుని శ్రమను దోఁచుకొనకుండుటకును, శిష్యుఁడు నేర్చిన వెంటనే పాఱిపోకుండుటకును దగిన కట్టడి యిది. రాజు వలసవచ్చినవారిని బుత్రునివలెఁ జూచెనని శిలపై నున్నమాటయు, ఆచార్యుఁడు పనివిద్యార్థిని బుత్రునివలెఁ జూడవలెనని స్మృతిలో నున్నమాటయు నొక్కటియే. క్రొత్తగా వచ్చినవానిని, క్రొత్తగా నేర్చువానిని ధర్మజ్ఞు లొకే దృష్టితోఁ జూచిరి.

ఇన్ని వృత్తులు పట్టినను నేతవారు చెదరిపోలేదు. ఆలయము కట్టించినవారిని శాసనము శ్రేణీభూతులైన పట్టవాయులని చెప్పును. పాణిని శ్రేణ్యాదిగణమును గృతాదులతో సమసింపవచ్చునని సూత్రించెను. అంతకుముందు శ్రేణి కానివారు శ్రేణి యైనప్పుడే యీ సమాసమని వార్తికకారుఁడు వివరించెను. శాసనమందలి రూపమున ఈకారము దీర్ఘము గనుక నది చ్వి ప్రత్యయాంతము. చ్వి యనునది యభూతతద్భావమును, అనఁగా ముందు లేని స్థితి పిదప కలుగుటను దెలుపును. కవి దీర్ఘమును ఛందస్సుకొఱకు గోరెనని యెవరైన ననవచ్చును. అయినను వ్యాకరణమర్యాదచే వచ్చు నర్థము కథతోఁ జక్కగాఁ బొసఁగుచున్నది. వేఱువేఱు కుటుంబములుగా వచ్చి, వేఱువేఱు విద్యలు పట్టినవారు పరదేశమునఁ గూడికొని యొక శ్రేణి యైరి. పరదేశమునఁ గట్టుబాటు తనంత నిలువదు. దానిని మరల నిర్మించుకొనవలెను.

శ్రేణి యన్నది యిప్పటి సంఘముల వలెఁ బేరునకు మాత్రమే యుండునది కాదు. ఉషవదాతుఁడు గోవర్ధనమున రెండు నేతశ్రేణులయొద్ద 2,000, 1,000 కార్షాపణములను నిలువయుంచి, మొదటిదానికి నెలకు నూటి కొకటి చొప్పునను, రెండవదానికి ముప్పాతిక చొప్పునను వడ్డి వచ్చునట్లు చేసెను. మొదటి వడ్డితో భిక్షువులకు వస్త్రము లీయవలెను. ఒక రాజబంధువు తన ధర్మమును శాశ్వతముగా నడుపుటకు నేతవారిని నమ్మెననఁగా వారి పరపతి యెట్టిదో తెలియును. గుప్తసంవత్సరము 146, అనఁగా క్రీ.శ. 465 ప్రాంతమున, స్కందగుప్తుని కాలమునఁ బుట్టిన ఇందోరు తామ్రశాసన మింకను విశేషమైనది. అందు ఇంద్రపురమందలి తైలికశ్రేణి సూర్యదేవునకు దీపపు నూనె యిచ్చుటకుఁ గట్టుబడెను. ఆ శ్రేణి యా చోటు విడిచి వేఱొకచోటికిఁ బోయినను, ఐకమత్యముతో నున్నంతవఱకు నా బాధ్యత దానిదే యని వ్రాయఁబడెను. శ్రేణి కదలవచ్చును, కదలినను శ్రేణియే, దాని మాట దానితోఁ గదలును. దశపుర శాసనమునకు సమీపకాలమున నుండిన యీ వ్రాత, నాఁటి పనివారి సంఘములు చోటుతోఁ గాక మాటతోఁ గట్టఁబడినవని తెల్పుచున్నది. జాతిధర్మములను, జానపదధర్మములను, శ్రేణిధర్మములను జూచియే రాజు ధర్మమును స్థాపింపవలెనని మనువు చెప్పుటయు నిందుకే. వలసవచ్చినవానిఁ దనలోఁ జేర్చుకొనుటకు వాని సంఘమును ద్రుంపనక్కఱలేదని దాని భావము.

కుమారగుప్తుఁడు సార్వభౌముఁడుగను, విశ్వవర్మ కుమారుఁడగు బంధువర్మ దశపురపాలకుఁడుగను నున్నప్పుడు సూర్యాలయము కట్టఁబడెను. పిదపఁ గాలము మాఱెను. ఇతరరాజులు వచ్చిరని మాత్రము చెప్పి, వారి పేళ్లు కవి చెప్పలేదు. ఆ నడుమ నాలయమున నొకభాగము శిథిలమయ్యెను. దానిని మరల నుద్ధరించినవారు రాజులు కారు, ఆ శ్రేణివారే. మొదటి ప్రతిష్ఠలో రాజుల స్తుతి విరివిగా నున్నది. జీర్ణోద్ధారమున శ్రేణి పేరే ముందు నిలిచినది. 36 సంవత్సరములలో నాశ్రితులు ఆశ్రయభూతులైరి. పరుల పట్టణమునకు వచ్చినవా రా పట్టణపు దేవాలయమును గాపాడువారైరి. శాసనము చెప్పు కథలో నిదియే సారము.

అయినను శాసనప్రమాణమునకు హద్దు గలదు. ఇది నేతవారు ధనమిచ్చి వ్రాయించుకొన్న ప్రశస్తి. శ్రేణి యాదేశముచే నాలయము కట్టఁబడెనని వత్సభట్టియే చెప్పెను. కావున నిందు వారి కీర్తియే యుండును గాని వారి కష్టములుండవు. దశపురమునఁ బూర్వమే యున్న నేతవారు క్రొత్తవారి రాకను జూచి సంతసించిరో, జీవనము పోవునని వెఱచిరో తెలియదు. నూలు తీసిన స్త్రీల మాట లేదు. పట్టుగట్టిన స్త్రీ కలదు గాని పట్టు సిద్ధముచేసిన స్త్రీ లేదు. శ్రేణిలోఁ గూలివాఁ డెట్లుండెనో, త్రోవలో మరణించినవా రెందఱో శిల చెప్పదు. త్రోవకష్టము లెడతెగనివి యను నొక్క విశేషణము మాత్రమే వారికిఁ దక్కినది. ప్రశస్తిని జదువునపుడు దాని యూరకుండుటను గూడఁ జదువవలెను.

దశపురశ్రేణి పిమ్మట నేమయ్యెనో చెప్పు శాసనము లేదు. దక్షిణదేశమున మధుర మొదలగు చోట్ల నున్న సౌరాష్ట్రులనఁబడు పట్టునేతవారు తాము పశ్చిమదేశమునుండి వచ్చితిమని చెప్పుకొందురు. వీరిని గొందఱు పండితులు మందసోరు శ్రేణితో ముడిపెట్టిరి. అది యూహయే గాని నిరూపితము గాదు. అయినను, వలసవచ్చిన నేతవారి చరిత్రము నెఱుఁగుటకు వీరి వృత్తాంత మొక మంచి సాక్ష్యము. ఆంధ్రులకు దీనితో సంబంధము గలదు. వీరు విజయనగరరాజ్యము మీఁదుగా దక్షిణమునకు వచ్చిరని వీరి యైతిహ్యము. వీరి భాష గుజరాతీ మరాఠీలకుఁ జుట్టమైనను దానిలోఁ దెలుఁగు పదములు విస్తారముగాఁ జేరినవి. తెలుఁగు లిపిలోను నది వ్రాయఁబడినది. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో దీనిని మాతృభాషగాఁ జెప్పినవారు సుమారు 2,47,000 మంది.

మధురలోఁ దెలుఁగువారగు నాయకుల కాలమున వీరి యాచారమునుగూర్చి వివాదము పుట్టెను. వీ రుపాకర్మాది వైదికకర్మములు చేయరాదని కొంద ఱాక్షేపింపఁగా, 1689 మొదలు 1706 వఱకు రాజ్యము నడపిన రాణి మంగమ్మ పండితులచే విచారింపఁజేసి, వారి యాచారమును వారు నడపుకొనవచ్చునని యనుజ్ఞ యిచ్చెను. మనువు చెప్పిన శ్రేణిధర్మరక్షణమున కిది యర్వాచీనోదాహరణము. 19వ శతాబ్ది చివర మధురలో నెలకొన్న సౌరాష్ట్రసభ తమ బాలుర చదువునకుఁ బాటుపడెను. వీరిలోఁ బుట్టిన వేంకటరమణ భాగవతార్ (1781–1874) త్యాగరాజస్వామికి ముఖ్యశిష్యుఁడు. అయ్యంపేటలోఁ బుట్టి వాలాజాపేటలో నివసించిన యాతఁడును, ఆతని కుమారుఁడును గురువుగారి తెలుఁగు కృతులను, చరిత్రమును వ్రాసి భద్రపఱచిరి. వాలాజాపేట వ్రాఁతప్రతులని ప్రసిద్ధికెక్కిన యా ప్రతులు మధుర సౌరాష్ట్రసభలో నిలుపఁబడినవి. పశ్చిమమునుండి వలసవచ్చిన నేతవారి కులమునఁ బుట్టినవాఁ డొకఁడు తెలుఁగు నేర్చి, తెలుఁగు కృతులు రచించి, తెలుఁగువారి సంగీతనిధిని గాపాడెను. విద్యాద్వారము తెఱచియుంచిన దేశమునకుఁ గలుగు లాభ మిట్టిది.

కాలచక్రమున మఱియొక విచిత్రము గలదు. 1877వ సంవత్సరమున షోలాపురమున నూలుమిల్లు వెలసిన పిదప తెలుఁగునేలనుండి పద్మశాలీ లచ్చటికిఁ బెద్దసంఖ్యలోఁ బోయిరి. భివండి, ముంబయి మగ్గములకును బోయిరి. వరంగల్లు, కరీంనగరము మొదలగు మండలములనుండి సూరతునకుఁ బోయి యచ్చటి మరమగ్గములపైఁ బని చేయుచున్నవారు నేఁడును బెక్కండ్రు గలరు. సూరతు పూర్వము లాటదేశమందలిది. పదునేను శతాబ్దులకు ముందు నేతవారిని బరదేశమునకుఁ బంపిన నేల నేఁడు పరదేశపు నేతవారి కాశ్రయ మయ్యెను. ఆ నగరపాలకసంస్థ గుజరాతీయే గాక మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా భాషలతోపాటు తెలుఁగునను బాఠశాలలు నడపుచున్నది. మగ్గము కడ నున్న తండ్రి బిడ్డ తన భాషలో నక్షరము దిద్దుకొని, ఆ నగరపు భాషను గూడ నేర్చుకొనుట కది మొదటిమెట్టు.

కాఁబట్టి దశపురశిల నేఁటివారికిఁ జెప్పునది యిది. వలసవచ్చినవాని చేతిపనిని గౌరవించుట మొదటిది. వాని బిడ్డలకు మగ్గమే కాక జ్యోతిషమును, కథయు, విలువిద్యయు నందునట్లు చేయుట రెండవది. వాని సంఘమును జెదరఁగొట్టక నిలువనిచ్చుట మూఁడవది. ఈ మూఁడును గలిగినచోట, వచ్చినవాఁ డొకతరములోనే యూరి దేవాలయమును దన సొమ్ముతో నిలుపఁగలఁడు. మరమగ్గముల పేటలోని బాలుఁడు చదువు ముగించి, ఇష్టమైనచో మగ్గమునందే యధికుఁ డగుటకును, ఇష్టమైనచో వేఱు విద్య పట్టుటకును సమానమైన త్రోవ కలిగినప్పుడే, సుతవత్ అను పదమందలి వతిప్రత్యయము సార్థకమగును.